ఎర్ర పురుగు ఉన్న బొంత

"ఆ ముడి చూడు. అలా వెయ్యడం నాకూ, నా తోడికోడలికీ తప్ప ఇంకెవరికీ రాదు," అంటూ పిన్నిగారు అరచెయ్యి నా ముందు చాపారు.

చేతిలో ఒక గాలపు ముల్లు. దానికి ఎర్రటి ఈక, ఈక చుట్టూ మైనం పట్టించిన దారం. నీళ్ళ మీద వాలిన పురుగనుకుని చేప ఎగిరి పట్టాలి. రాతి వంతెన కింది మడుగు దగ్గర కొమ్మకు చిక్కుకుని దొరికిందట. ఆ మడుగు సంగతి తనకొక్కదానికే తెలుసని ఆవిడకు ఇన్నాళ్ళూ ధీమా.

పిన్నిగారికి బొంతలు కుట్టడం బతుకు, గాలం ప్రాణం. రెండూ కలిపి తన మంచానికొక బొంత కుట్టుకున్నారు. నీలం ముక్కలన్నీ కలిస్తే ఏరు. ఏ వంపు దగ్గర ఏ పురుగుకు చేప లేస్తుందో అక్కడ ఆ పురుగును రంగు దారంతో కుట్టారు. మడుగు దగ్గర ఎర్రది. అంతవరకూ బాగానే ఉంది. ముసురు పట్టి ముక్కవాసన వస్తోందని దాన్ని తీసుకెళ్ళి వీధివైపు పిట్టగోడ మీద ఆరేశారు.

"తాళం వేసి చెవి గుమ్మానికే వేలాడదీశాను," అని తనను తానే తిట్టుకున్నారు.

అప్పటినుంచీ అందరి మీదా అనుమానమే. ఎదురు వాటాలోని తోడికోడలు ఈమధ్య కోడి కంటే ముందు ఎందుకు లేస్తోంది? చేప కంపంటే ముక్కు మూసుకునే బాబాయిగారి ప్యాంటు అంచులు పొద్దున్నే ఎందుకు తడిసి ఉంటున్నాయి? మొక్కకు నీళ్ళు పోశానన్నారట. ఇంట్లో ఉన్నది ఒకటే కుండీ, అందులో మొక్క ఎండిపోయి చాలా కాలమైంది. చెబుతూనే ఆవిడ నా చెప్పుల వంక చూశారు. గుమ్మడికాయల దొంగలా నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను.

రోజూ సాయంత్రం దారపుండ పట్టుకుని ఆవిడ ఎదురుగా కూర్చునేది బాబాయిగారే కదా అన్నాను.

"ఆయనకి చొక్కా గుండీ కుట్టుకోవడమే చేతకాదు," అన్నారు, నా మాట పూర్తికాకుండానే.

సూదిలో పసుపు దారం ఎక్కించారు. తర్వాత బొంత ఒడిలోకి లాక్కుని, కప్పపిల్లలు తప్ప ఏమీ దొరకని రేవు దగ్గర పసుపు పురుగొకటి కొత్తగా కుట్టారు, ఎర్రదానికంటే పెద్దది. గాలం రుచి మరిగినవాళ్ళు దాన్ని చూసి ఇంట్లో కూర్చోలేరట. పళ్ళతో దారం తెంపి, బొంత మడిచి నా చేతిలో పెట్టారు.

"నా తోడికోడలికిచ్చి అంచు కుట్టమను. దారిలో మడత విప్పకు. రేపు పొద్దున్నే ఆ రేవు దగ్గర కూర్చో. అది వస్తే వెంటనే వచ్చి చెప్పు. వెళ్ళి దులిపేస్తాను, సాయంత్రానికల్లా మళ్ళీ ఒకటైపోతాం."

"రాకపోతే?"

ఆవిడ గుమ్మం పక్కన ఆరేసిన ప్యాంటు వైపు చూసి, చూపు తిప్పుకున్నారు.

"రాకపోతే మడుగు వైపు మాత్రం వెళ్ళకు నాయనా. నేరుగా మీ ఇంటికెళ్ళిపో."