పరీక్ష గుడ్డ

మొన్న బుధవారం, సరిగ్గా పదకొండు గంటల వేళ, మా మనవరాలు హైదరాబాదు నుంచి సెలవులకు వచ్చి, సంచీలోంచి తను చదివే కాలేజీ పని తీసి మా ఖమ్మం ఇంటి మంచం మీద పరిచింది. గుడ్డ మీద గుడ్డ, ఆ గుడ్డ మీద వల లాంటి పల్చటి గుడ్డ, దాని మీద గోనె, మళ్ళీ పట్టు, ఇలా అయిదు పొరలు వేసి, వాటన్నిటినీ కలిపి కుట్టి, తర్వాత పై పొరలను అక్కడక్కడా కోసి కింది రంగులు కనబడేలా చేసిన నమూనాలు అవి. మొత్తం ఎనిమిది. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకొని వెనక వైపు కుట్లు చూశాను, ఎందుకంటే కుట్టుపని నిజం వెనక వైపే తెలుస్తుంది. ఆరు బాగున్నాయి, రెండింటిలో దారం బిగిసింది. ఆ మాటే చెప్పాను. ఇదంతా నీకెలా తెలుసు అమ్మమ్మా అని ఆ పిల్ల ఆశ్చర్యపోతే, నేనూ ఒకప్పుడు ఇలాంటివి కుట్టాను అన్నానే కానీ, మిగతాది చెప్పడానికి నోరు రాలేదు. నా వయసు వాళ్ళకైతే చెప్పవచ్చునేమో. ఆనాటి ఇళ్ళూ, ఆనాటి భయాలూ తెలిసిన వాళ్ళకు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు నిండలేదు. మాది తల్లాడ దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. మా అన్నయ్యకు అటవీ శాఖలో గుమాస్తా ఉద్యోగం రావడంతో భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక చిన్న ఊళ్ళో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. ఆ ఊళ్ళో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే కేంద్రం ఉంది. అందులో పాసైతే బడుల్లో కుట్టు టీచరుగా ఉద్యోగం వస్తుందని నన్ను అక్కడ చేర్చారు. శిక్షణ పది నెలలు. చివర రాత పరీక్ష ఉండదు, పన్నెండు నమూనాలు ఇవ్వాలి. కాజాలు, హెమ్మింగు, గొలుసు కుట్టు, కాడ కుట్టు వంటివి పదకొండు. పన్నెండోది కొంచెం కష్టమైనది: మూడు పొరలకు తక్కువ కాకుండా గుడ్డలు కలిపి, వాటి మీద అలంకారపు కుట్టు వేయాలి. తొమ్మిది అంగుళాల చదరం. ఎవరి ఊహ వాళ్ళది. నూటికి ముప్పై మార్కులు ఆ ఒక్కదానికే, అందులో తప్పితే మొత్తం తప్పినట్టే.

మా వదిన అయిదో తరగతి దాటలేదు కానీ బొంత కుట్టడంలో ఆమె చేయి చూసి తీరాలి. అందుకే ఆ పన్నెండో నమూనా కోసం ఇద్దరం కలిసి ప్రయోగాలు మొదలుపెట్టాం. పాత చీర మీద కొత్త గుడ్డ, కొత్త గుడ్డ మీద పాత చీర, నడుమ పాత లుంగీ, ఒంటి దారం, రెండు పోగుల దారం, అంగుళానికి ఎనిమిది కుట్లు, పది, పదకొండు. ప్రతి ప్రయోగాన్నీ నేను నోటుపుస్తకంలో రాసేదాన్ని. మొత్తం పదిహేడు. పన్నెండో ప్రయోగం దగ్గర వదిన ఒక కొత్త సంగతి కనిపెట్టింది. పై పొరను ఇప్ప ఆకు ఆకారంలో కోసి, అంచులు లోపలికి మడిచి సన్నగా కుడితే, కింద ఉన్న ఎర్ర చీర ఆకులా పైకి కనబడింది. ఆ పూట ఆమె మొహంలో వెలుగు చూశాను. అంతకు ముందు చాలా నెలలుగా ఆ మొహంలో అటువంటిది లేదు.

కారణం చెప్పాలి. వదినకు అప్పటికి రెండు కాన్పులు పోయాయి. మొదటి బిడ్డ మూడో రోజున, రెండో బిడ్డ పుట్టకముందే. ఇప్పుడు మూడోసారి అయిదో నెల. ఆమెకు తల్లి లేదు, అందుకని మా అమ్మే తల్లాడ నుంచి వచ్చి మాతో ఉంది. బిడ్డ భూమి మీద పడేదాకా ఆ బిడ్డ కోసం ఒక్క గుడ్డ పేలిక కూడా సిద్ధం చేయకూడదనేది మా ఇళ్ళ ఆచారం. ఉయ్యాల కొనకూడదు, పొత్తిగుడ్డలు చింపి పెట్టకూడదు, పేరు అనుకోకూడదు. మొదటి కాన్పుకు వదిన తెలియక ఒక చిన్న చొక్కా కుట్టి పెట్టుకుందట. అమ్మ అది మరిచిపోలేదు, మరిచిపోనివ్వలేదు.

“కడుపుల బిడ్డ కండ్ల పడకముందే గుడ్డలు ముడ్తరా ఎవరన్న? ఒక్కపాలి సూసినం, సాలదా?” అనేది, వదిన చేతిలో సూది కనబడినప్పుడల్లా.

నా నమూనాకు పనికివచ్చే ఉపాయం తెలిశాక ప్రయోగాలు ఆగాలి. ఆగలేదు. వదిన ఒక రోజు తన పెట్టె అడుగు నుంచి తల్లి కట్టిన ఎర్ర నేత చీర తీసింది. దాని మీద మా అమ్మ పాత చీర ఒక పొర, పైన నా నీలం ఓణీ. రెండు మూరల పొడవు, మూరన్నర వెడల్పు. బొంతను ఎప్పుడూ అంచు నుంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా లోపలికి కుట్టుకుంటూ వచ్చి నడుమ ముగిస్తారు. ఆమె అలాగే మొదలుపెట్టింది. నాలుగు మూలలా ఇప్ప ఆకులు, నడుమకు పోయేకొద్దీ చిన్న చిన్న చేపలు. మా నమూనా కొలత తొమ్మిది అంగుళాలని నేను గుర్తు చేయలేదు. ఇంత పెద్దది ఎందుకని అడగలేదు. తొమ్మిది అంగుళాలకూ రెండు మూరలకూ తేడా తెలియని పిల్లను కాను కదా.

ఒకనాడు అమ్మ దాన్ని పట్టుకొని నిలదీసింది.

“ఏందే ఇది? ఇంత బొంత ఎవరికి?”

“నా పరీక్ష గుడ్డ అమ్మా,” అన్నాను నేను.

“అవ్ అత్తమ్మా,” అని వదిన అందుకుంది, తలెత్తకుండానే. “గా టీచరమ్మకు కండ్లు సరిగ ఆనవంట. చిన్నగ కుడ్తే కనపడదని మీ బిడ్డ పెద్దగ కుట్టమంటున్నది.”

అమ్మ నమ్మిందో, నమ్మినట్టు ఊరుకుందో. ఆనాటి నుంచి ఇంట్లో దాని పేరు పరీక్ష గుడ్డే. అది నా రేకు పెట్టెలోనే, నా నమూనాల కింద ఉండేది. మేమిద్దరమే ఉన్నప్పుడు కూడా వదిన దాన్ని వేరే పేరుతో పిలవలేదు. “పరీక్ష గుడ్డ తే పిల్లా, రెండు చుట్లు ఏస్త,” అనేది. ఒక్కోసారి కుట్టిన చోట అరచేతితో నిమిరి, గరుకు తగులుతుందేమోనని చెంపకు ఆనించి చూసుకునేది. పరీక్ష గుడ్డను ఎవరూ చెంపకు ఆనించి చూడరు.

నా అసలు నమూనా నేను వేరుగా కుట్టుకున్నాను. పై పొరకు కొత్త తెల్ల గుడ్డ తెచ్చాను. దాన్ని ముందు నానబెట్టమని వదిన రెండుసార్లు చెప్పింది. నానబెడితే గంజి పోయి గుడ్డ మెత్తబడుతుంది, కుట్టు తీరుగా రాదు, మార్కులు తగ్గుతాయని నా భయం. పైగా కేంద్రంలో చదువుతున్నది నేను, ఆమె కాదు. నానబెట్టలేదు.

పరీక్ష గురువారం పది గంటలకు. మంగళవారం పొద్దున వదినకు నొప్పులు మొదలైతే, అమ్మా అన్నయ్యా ఆమెను జీపులో భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారు. పోయేటప్పుడు వదిన నా వైపు చూసి, “నడుమ చేప అయింది నిన్ననే,” అని మాత్రం అంది. ఇంట్లో నేను ఒక్కదాన్నే మిగిలాను.

నమూనాలు ఉతికి, ఇస్త్రీ చేసి ఇవ్వాలనేది నియమం. బుధవారం పొద్దున పన్నెండూ ఉతికి ఆరవేశాను. మధ్యాహ్నానికి పన్నెండోది కాకరకాయ తోలులా ముడుచుకుపోయి ఉంది. పైన ఉన్న కొత్త గుడ్డ నీళ్ళు తగలగానే కుంచించుకుపోయింది, కింది పాత పొరలు కదల్లేదు. నిప్పుల ఇస్త్రీ పెట్టెతో ఎంత రుద్దినా సాపు కాలేదు. కుట్టడానికి పదకొండు రోజులు పట్టిన పని అది. నాకున్నది ఒక పూట. ముప్పై మార్కులు పోతే నేను తప్పుతాను, తప్పితే తల్లాడకు తిరిగి పోవాలి, అక్కడ నా పెళ్ళి మాటలు సిద్ధంగా ఉన్నాయి.

రేకు పెట్టె తెరిచాను. ఆ గుడ్డ తీసి మంచం మీద పరిచాను. మనసులో ఒకే మాట తిప్పుకున్నాను: ఇది పరీక్ష గుడ్డ, ఇల్లంతా అదే అంటుంది, వదిన కూడా అదే అంటుంది. అన్నిటిలోకీ అందంగా వచ్చింది నడుమ భాగమే. సుద్దముక్కతో తొమ్మిది అంగుళాల చదరం గీసి, కేంద్రం వారి పెద్ద కత్తెరతో కోశాను. మూడు పొరలు ఒకేసారి తెగవు, కత్తెర నలిగి నలిగి పోతుంది, చేతికి తెలుస్తుంది. కోసిన అంచు చుట్టూ కాజా కుట్టు వేశాను. ముప్పై ఆరు అంగుళాలు, అంగుళానికి పది చొప్పున మూడు వందల అరవై కుట్లు నావి. లోపలివి వదినవి. వాటిని లెక్కపెట్టలేదు. నా జీవితంలో చేతికి వచ్చిన గుడ్డ మీద లెక్కపెట్టకుండా వదిలేసిన కుట్లు అవే.

ముప్పైకి ఇరవై తొమ్మిది వచ్చాయి. ఇచ్చిన నమూనాలు తిరిగి ఇవ్వరు. మూటకట్టి ఖమ్మం తీసుకుపోయారు.

ఆ గురువారమే వదినకు ఆడపిల్ల పుట్టింది. బతికింది. తొమ్మిదో రోజున ఇంటికి తెచ్చారు. గుమ్మంలో దిష్టి తీయడం అయ్యాక వదిన మంచం దగ్గర నిలబడి, బిడ్డను అమ్మ చేతికిచ్చి, “పరీక్ష గుడ్డ తే పిల్లా,” అంది. ఆ గొంతులో నవ్వు ఉంది. ఇక దాచవలసిన అవసరం తీరిన మనిషి నవ్వు.

మడత పెట్టి తెచ్చి ఇచ్చాను. ఆమె విప్పి పరిచి, ముడతలు సరిచేయడానికి అరచేయి నడుమకు జరిపింది. చేయి మంచం నవారుకు తగిలింది.

“నడుమ ఎవరు గోసిన్రే దీన్ని?” అంది అమ్మ.

వదిన కాసేపు ఆ కంత అంచు వేలితో తడిమింది. ఆ తర్వాత, “పరీక్షకు గోసింది అత్తమ్మా. గందుకే గద కుట్టింది,” అంది.

బిడ్డను అమ్మ పాత చీర మడతల మీద పడుకోబెట్టారు. మర్నాడు వదిన మిగిలిన బొంతను తనే కోసి పొత్తిగుడ్డలుగా చేసింది. పద్నాలుగు ముక్కలు వచ్చాయి. వారం తిరగకుండానే అవి తీగ మీద ఆరుతుంటే, తెగిన ఆకు సగం ఒక ముక్కలో, చేప తోక మరో ముక్కలో కనబడేవి. నాకు ఉద్యోగం మధిర వైపు ఒక బడిలో వచ్చింది. ముప్పై మూడేళ్ళు చేశాను. ప్రతి ఏడూ మొదటి పాఠం, కొత్త గుడ్డను నానబెట్టాలని.

ఆ మాట వదిన దగ్గర ఎత్తడానికి నాకు ఇరవై నాలుగేళ్ళు పట్టింది. ఆ పిల్లే పెద్దదై మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. ఈసారి వదిన సూది ముట్టలేదు, కూతురి పురుడు అయ్యేదాకా ముట్టనంటే ముట్టనంది. ఒక సాయంత్రం ఇద్దరం చిక్కుడుకాయలు వలుస్తుంటే, నేను తల వంచుకొనే, ఆనాడు నేను కోసింది ఏమిటో నాకు తెలిసే కోశాను వదినా అన్నాను. ఆమె చేతులు ఆగలేదు.

“నువ్వు గోసినవు గాబట్టే గిది బతికింది,” అంది, లోపల పడుకున్న కూతురి వైపు గడ్డం ఎత్తి చూపుతూ. “ముందుగాల కుట్టిన పాపం యాడనో ఓ కాడ పడాలె గద? గుడ్డ మీద పడ్డది. పిల్ల మీద పడలె. నేను గప్పుడే అనుకున్న. నీకెందుకు చెప్పలే అంటవా, అడిగితివా నువ్వు?”

కోసేటప్పుడు నా మనసులో బిడ్డ లేదనీ, ముప్పై మార్కులే ఉన్నాయనీ చెప్పి ఉండవలసింది. చెబితే, ఆమె అన్నేళ్ళు పట్టుకొని బతికిన ధైర్యం తీసివేసిన దాన్నవుతాను. ఆమె పోయి మూడేళ్ళయింది. ఆ సంగతి చెప్పకుండానే సాగనంపాను.

ఇప్పుడు మా ఇళ్ళలోనే, ఏడో నెల రాగానే ఆడపిల్లలు చీటీ రాసుకొని బజారుకు పోతున్నారు. ఉయ్యాల, దుప్పట్లు, చిన్న చిన్న మేజోళ్ళు, అన్నీ తెచ్చి వరసగా పేర్చి ఫోనులో ఫొటోలు తీసుకుంటారు. పేర్లు అనుకుంటారు, పైకి పలుకుతారు. నా ఈడు వాళ్ళు కొందరు అది చూసి నొచ్చుకుంటారు. నేను నొచ్చుకోను. ఆ భయం పోవడం మంచిదే. అయితే వాళ్ళు ఆ దుకాణపు దుప్పట్లు విప్పి, ఇది మా బిడ్డకు అని గట్టిగా అంటుంటే మాత్రం నేను కాసేపు లేచి పక్క గదిలోకి పోతాను. మా వదిన నాలుగు నెలలు కుట్టి, ఆ మాట ఒక్కసారైనా నోటితో అనలేకపోయింది. ఆమె అని ఉంటే నా కత్తెర ఆగి ఉండేదా? ఆగేదనే అనుకోవాలని ఉంది.