పాటలో పేరు కట్టిన ఆదివారాలు

1979 ఫిబ్రవరి 4, ఆదివారం, సాయంత్రం అయిదు గంటల ఇరవై నిమిషాలు. ఈ మాట ముందుగా రాసేస్తే తప్ప నా మనసు కుదుటపడదు. ఎందుకంటే మొన్న మా తమ్ముడి సన్మానానికి అచ్చువేసిన ఆహ్వానపత్రంలో ‘నర్సీపట్నంలో మొట్టమొదటి జానపద రేడియో స్థాపకులు, 1980’ అని ఉంది. వాడి మనవరాలే స్వయంగా వచ్చి, నాకు బొట్టుపెట్టి, మామ్మా నువ్వు ముందు వరసలో కూర్చోవాలి అని చెప్పి వెళ్ళింది. పిల్లకేం తెలుసు? కాఫీ ఇచ్చి పంపించాను. ఆ ఏడాది తప్పు. స్థాపకులన్న మాట సగమే నిజం, తక్కిన సగం సంగతి నలభై ఏళ్ళకు పైగా నేనెక్కడా ఎత్తలేదు. ఆ రోజుల్లో స్తంభం కింద నిలబడి మా పాటలు విన్న నా ఈడువాళ్ళు ఇంకా కొందరైనా మిగిలి ఉంటారు కదా, వాళ్ళకోసం రాస్తున్నాను.

మన రోజుల్లో రేడియో ఇంటింటికీ ఉండేది కాదని మీకు చెప్పనక్కరలేదు. మా పేటలో నలుగురు పెద్దలు కలిసి నడిపే చిన్న రీడింగు రూము ఉండేది. రెండు బెంచీలు, చిరుగులు పడ్డ పత్రికలు, గోడ బీరువాలో ఒక రేడియో. దాన్ని ఆంప్లిఫయరుకు తగిలించి, బయట స్తంభానికి కట్టిన గొట్టంలోంచి సాయంకాలం వ్యవసాయదారుల కార్యక్రమమూ, ఆ తర్వాత వార్తలూ వినిపించేవారు. నేనప్పుడు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని, ముప్ఫై నాలుగేళ్ళు. నాకంటే ఏడేళ్ళు చిన్నవాడైన మా తమ్ముడికి బజార్లో మైకుసెట్టు దుకాణం ఉండేది. పెళ్ళిళ్ళకీ, భజనలకీ అద్దెకిచ్చేవాడు. రీడింగు రూములోని ఆంప్లిఫయరూ, గొట్టాలూ వాడివే.

అంతకు ముందటి ఆగస్టులో, స్కూలు పనిమీద నాతవరం వెళ్ళి వస్తుంటే దారిలో మా బస్సు ఆగిపోయింది. ఇంజను చల్లారేదాకా రోడ్డు పక్కన నిలబడ్డాం. ఎదురుగా పొలంలో ఊడ్పులు జరుగుతున్నాయి. యాభై ఏళ్ళ ఆవిడ పాట ఎత్తుకుంటే, పక్కనున్న ఆమె కోడలు అందుకుంటోంది. గట్టు మీద కూర్చుని ఆవిడ భర్త జముకు వాయిస్తున్నాడు. జముకంటే చంకలో ఇరికించుకుని, తోలు మధ్యనుంచి వచ్చే తీగని మీటే వాద్యం, మనలో చాలామంది చూసే ఉంటారు. పాట మధ్యలో ఆ అత్త నడుమెత్తి నన్ను చూసి, “ఏ ఊరమ్మా మీది? నాన్నగారి పేరేటి?” అని కేకేసి అడిగింది. చెప్పాను. ఆ మరుసటి చరణంలో మా నాన్నగారి పేరు, మా అమ్మ పేరు, మా పేట పేరు వరసగా వచ్చేశాయి, చివర ‘ఆ బాబు ఇల్లు సల్లగుండాలో’ అని అందరూ అందుకున్నారు. ఎవరి ఎదుట పాడితే వారి ఇంట్లోవాళ్ళ పేర్లు పాటలో కట్టి ఆ ఇంటిని దీవించడం వాళ్ళ ఆనవాయితీ. మా నాన్నగారు పోయి అప్పటికి మూడేళ్ళు. మూడేళ్ళుగా మా ఇంట్లోనే ఎవరూ పలకని ఆ పేరు, అంత పచ్చటి పొలంలోంచి వినబడేసరికి నేను బస్సు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

ఇంటికొచ్చి తమ్ముడికి చెప్పాను, ఆదివారంనాడు రేడియో పెట్టేముందు అరగంట మన మైకులో వీళ్ళచేత పాడిస్తే ఎలా ఉంటుందని. వాడు నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు. “గొట్టాలు నావి, గొంతులు వాళ్ళవి. మరి నీదేటప్పా?” అని వేళాకోళమాడాడు. అక్కని మా ఇళ్ళల్లో అప్ప అంటాం. వరస నాది, అన్నాను. ఎవరి పేరు ఎప్పుడు పాడాలో నేను చూస్తాను. నేను వాళ్ళ ఊరు వెళ్ళి ముగ్గురినీ ఒప్పించి వచ్చాను, వాడు నాలుగు వీధుల మలుపులకీ తీగలు లాగి నాలుగు గొట్టాలు కట్టాడు. గాలిలో వచ్చే రేడియో కాదది, తీగమీద నడిచే రేడియో. అయినా ఊళ్ళో అందరూ దాన్ని ‘మన రేడియో’ అనే అన్నారు.

మొదటిరోజు అయిదింటికి మొదలు కావాలి, అయిదూ ఇరవై అయింది. కారణం, అత్త మైకు చూసి నోరు విప్పనంది. “మనుసులేరమ్మా? ఈ ఇనప కాయకేటి పాడతాను?” అని కొంగు అడ్డం పెట్టుకుంది. జనం వీధుల్లో గొట్టాల కింద ఉన్నారని తమ్ముడు ఎంత చెప్పినా లాభం లేకపోయింది. ఎదుట ముఖం లేకుండా ఇంటిని దీవించడం ఆవిడకి చేతకాదు. చివరికి నేను వెళ్ళి మైకు వెనక, ఆవిడకి ఎదురుగా బల్లమీద కూర్చున్నాను. “అలాగుండు. నీ ముఖం సూసి పాడతాను,” అంది. ఆ రోజునుంచి ప్రతి ఆదివారం ఏ ఇంటి పేరు కడితే ఆ ఇంటి తరఫున నేనే ఆ బల్లమీద కూర్చున్నాను. పెళ్ళికూతురినీ నేనే, బాలింతరాలినీ నేనే, రిటైరైన పోస్టుమాస్టరునీ నేనే.

వారానికి ఒక్క ఇల్లు. ముందు చెప్పినవారికి ముందు, ఇంకో నియమం లేదు. తమ పేరు వచ్చే ఆదివారంనాడు మనుషులు స్నానాలు చేసి, మంచి బట్టలు కట్టుకుని, పిల్లల్ని ఎత్తుకుని స్తంభం కిందికి వచ్చేవారు. కోటవురట్లనుంచి కూడా వచ్చిన ఇళ్ళున్నాయి. ఒకసారి రైసుమిల్లు యజమాని గుమాస్తా వచ్చి, “మేడమ్, వీధులూడ్చే ఆవిడ ఎనకాలా మా బాబుగారి పేరు?” అని ముఖం మాడ్చుకున్నాడు. వెనకాలే, ఆవిడ ముందొచ్చింది, అన్నాను. ఆ బాబుగారు పదకొండు వారాలు ఆగి, తన ఆదివారంనాడు పట్టుపంచె కట్టుకుని వచ్చి, వీధి మలుపులో నిలబడి కళ్ళొత్తుకోవడం నేను కిటికీలోంచి చూశాను. మా నియమాన్ని గురించి నేను గర్వపడ్డ రోజు అదే.

రెండేళ్ళు దాటి ఇలా సాగింది. 1981 ఎండాకాలంలో ఎన్నికలు వచ్చాయి. ఏప్రిల్ 26న పాటలు అయ్యాక, పోటీలో ఉన్న ఒకాయన నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి, వచ్చే ఆదివారం తన పేరు కట్టించమన్నాడు. మీ ముందు ముప్ఫై ఒక్క ఇళ్ళున్నాయండీ, పైగా ఓట్లయ్యేదాకా పోటీలో ఉన్నవాళ్ళ పేర్లు తీసుకోం, అని చెప్పాను. ఆయన నవ్వేసి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. వైర్లు చుడుతున్న తమ్ముడు తలెత్తి, “బాగా సెప్పావప్పా. నువ్వు కాబట్టి సెప్పగలిగేవు,” అన్నాడు. ఆ మెచ్చుకోలు నాకు ఇప్పటికీ వాడి గొంతుతోనే వినబడుతుంది.

మే 2, శనివారం, ఉదయం పది కావస్తోంది. వీధి గదిలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. దూరంగా అత్త గొంతు వినిపించింది. రేపు కదా ఆదివారం, ఈవేళే వచ్చేశారేమిటి పాపం, ఎండలో నడిచొచ్చి ఉంటారు అనుకుని, మజ్జిగ కలిపి పెట్టమని అమ్మకి చెప్పి గబగబా గుమ్మంలోకి వెళ్ళాను. వీధి మొగలోంచి జెండాలు కట్టిన జీపు వస్తోంది. పాట దానిమీది గొట్టంలోంచి వస్తోంది. ఆయన పేరు, ఆయన భార్య పేరు, ఇద్దరు కొడుకుల పేర్లు, అచ్చం మా ఆదివారం పాటలాగే. ‘ఆ బాబు ఇల్లు సల్లగుండాలో.’ పాట ఆగింది. టేపు కోసేవాళ్ళకి అంత తీరిక లేకపోయిందో, అక్కరే లేకపోయిందో, దాని చివర అత్త మామూలుగా మాట్లాడిన మాటకూడా ఉండిపోయింది. “అమ్మకి ఇనిపించు బాబూ, బాగున్నాదో నేదో సెప్తాది.” మళ్ళీ పాట మొదటినుంచి మొదలైంది. ఆ జీపు ఆ మాటని ఊళ్ళో వీధి వీధికీ మోసుకెళ్ళింది. ఆవిడ నోట అమ్మంటే నేనేనని తెలియనివాళ్ళు మా పేటలో లేరు.

దుకాణానికి వెళ్ళేసరికి తమ్ముడు ఆంప్లిఫయరుకి టంకం పెట్టుకుంటున్నాడు. తలెత్తకుండానే అంతా చెప్పాడు. బుధవారంనాడు టేపురికార్డరు పట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళాడట. ఈ వారం మైకు పాడయింది, ఈ ఇంటి పేరు ఇక్కడే పాడించి తెమ్మని అప్ప పంపింది, అన్నాడట. వాళ్ళు అనుమానించలేదు. అత్త మాత్రం, అమ్మ ఎదురుగా లేకపోతే ఎలాగ అందట. అప్ప ఇక్కడే కూకుందనుకో, అని వీడే ఎదురుగా కూర్చున్నాడట. ఎన్నికల సభలన్నిటికీ మైకుసెట్లు వీడివే పెట్టిస్తామని ఆ పోటీలో ఉన్నాయన మనుషులు మాటిచ్చారట.

“పాటే గదప్పా. ఓసారి ఎక్కువ పాడితే అరిగిపోద్దా?”

నా పేరెందుకు చెప్పావురా, అని అడిగాను.

“నీ పేరు సెప్పకపోతే ఆళ్ళు పాడరు గదా,” అన్నాడు, లెక్కలో మొదటి మెట్టే అర్థంకాని పిల్లకి విసుగు లేకుండా చెప్పినట్టు.

మర్నాడు ఆదివారం వాళ్ళు పాడటానికి రాలేదు. సోమవారం బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. జీపు అక్కడికి నాకంటే ముందే వెళ్ళింది. వాళ్ళు ఏటా ఊడ్పులకి వెళ్ళే కమతందారులు రెండో పక్షంవాళ్ళు. ఇక మా మళ్ళలోకి దిగొద్దని కబురు పంపారట. అత్త ఎప్పటిలాగే చాప వేసింది, మంచినీళ్ళిచ్చింది. కానీ ఎదురుగా కూర్చోలేదు. పక్కకి తిరిగి, గోడకేసి చూస్తూ కూర్చుంది. నేను పంపలేదని, నాకు తెలియనే తెలియదని మొదటినుంచీ చెప్పాను. కోడలు పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి, “మాకు సదువు నేకపోతే మా నోటికి ఇలవ నేదేటి? నీ తమ్ముడు సేసినదానికి నీకు తెల్దంటే ఎవులు నమ్ముతారు?” అంది. అత్త దాన్ని ఊరుకోమని సైగచేసింది.

“నువ్వు పంపలేదేమో, తల్లీ. నేను నీ ముఖం తలుసుకునే పాడేను. ఇప్పుడది నువ్వు కావంటే, నా పాట ఎవులికి సెందినట్టు?”

జముకాయన నన్ను బస్సెక్కించడానికి రోడ్డుదాకా వచ్చాడు.

మా పాటని ఫలానా విధంగా మోసంచేసి తీసుకున్నారని, ఆ ముగ్గురికీ దాంతో సంబంధం లేదని మైకులో ఒక్కసారి చెప్పనివ్వమని రీడింగు రూము పెద్దల్ని అడిగాను. ఇప్పుడు చెబితే రెండో పక్షంవాళ్ళ మాట అంటారమ్మా, ఓట్లవనీ, అన్నారు. ఓట్లయ్యేలోపల తమ్ముడు ఆంప్లిఫయరూ, నాలుగు గొట్టాలూ విప్పుకుపోయాడు. వాడి సొత్తే కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయారు. ఇంట్లో మా అమ్మ రెండు రోజులు అన్నం మానేసింది, నా తరఫున కాదు. “ఒక్కగానొక్క తమ్ముడు. కూలోళ్ళ పాటకోసం ఆడిని బజార్న పెడతావేటే?” అంది. ఎవరూ నన్ను తప్పు చేశావనలేదు. చేసినవాణ్ణి తప్పు చేశావని కూడా ఎవరూ అనలేదు. నాకు ఎక్కువ గుచ్చుకున్నది ఆ రెండోదే.

నేనింకా రెండుసార్లు ఆ ఊరు వెళ్ళాను. మొదటిసారి ఇల్లు తాళం వేసి ఉంది. రెండోసారి, 1982 జూన్‌లో, చెరుకు పనులకి యలమంచిలి వైపు వెళ్ళిపోయారని పొరుగువాళ్ళు చెప్పారు. ఏ ఊరో వాళ్ళకీ తెలియదు.

ఇప్పుడు ప్రతివాళ్ళ చేతిలోనూ మైకుంది. ఫోనులో పేరు కొట్టి ఇస్తే ఎవరి పేరుతోనైనా పాట వచ్చేస్తుందట, మొన్న తమ్ముడి మనవరాలే నా పేరుతో ఒకటి వినిపించింది. బాగానే ఉంది. పాడినవాళ్ళెవరని అడిగితే ఎవరూ లేరంది. ఆ పాటలో పేరు పెట్టడానికి ఎదురుగా ఎవరూ కూర్చోనక్కరలేదు, ఎవరి ముఖమూ చూడనక్కరలేదు, కాబట్టి ఎవరినీ మోసం చెయ్యనూ అక్కరలేదు. ఒకరి నోట్లో మన ఇంటి పేరు పడాలంటే పదకొండు వారాలు ఆగే ఓపిక మాత్రం మళ్ళీ రాదనుకుంటాను. తమ్ముడూ నేనూ పెళ్ళిళ్ళలో కలుస్తూనే ఉంటాం, మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయని అడుగుతాడు, చెబుతాను.

సన్మానానికి వెళ్ళను. లెక్క మాత్రం ఇక్కడ రాసి పెడుతున్నాను.

మొదటి ఆదివారంనుంచి ఆఖరిదాకా నూట పదిహేడు ఆదివారాలు. కరెంటు లేకా, వానకీ పోయినవి పన్నెండు. పాట నడిచినవి నూట అయిదు. పేరు కట్టిన ఇళ్ళు నూట అయిదు. వరసలో నిలిచిపోయిన ఇళ్ళు ముప్ఫై ఒకటి. ఆ ముగ్గురి గొంతులున్న టేపు ఒక్కటే, దానిమీద ఓట్లయ్యాక తమ్ముడు విజయోత్సవ ప్రసంగం ఎక్కించాడు కాబట్టి అదీ లేదు. పాడేవాళ్ళు తమ ఇంటి పేరు తామే కట్టుకోకూడదట, ఎవరైనా ఎదురుగా కూర్చుని వాళ్ళకి పాడాలట. మే 3న నేనూ, మా స్కూలు పిల్లలు నలుగురూ కలిసి వాళ్ళకి పాడాలని నేర్చుకుని ఉన్నాం. వాళ్ళ ఇంటి పేరు పాటలో వినిపించిన ఆదివారాలు, ఏమీ లేవు.