గొంతు పంపే మారుదారి

అవనిగడ్డ బస్టాండు ఎదుట ఇందిర నడిపే ఎస్టీడీ బూత్‌లోకి రెండువేల ఒకటో సంవత్సరంలో కంప్యూటరు వచ్చింది. చిన్ననాటి పోలియో ఆమె ఎడమకాలిని తినేసింది. వికలాంగుల కోటాలో దక్కిన ఆ బూత్ లైసెన్సే ఆమెకింత అన్నం పెడుతున్నది. బూత్ ఫోనుకు విదేశాల లైను లేదు. ఆ రోజుల్లో కంప్యూటరు ద్వారా విదేశాలకు మాట్లాడటం నిషిద్ధం. గొంతు పంపే సైట్లను పైనుంచే మూసివేసేవారు. మూసినప్పుడల్లా, ఆమెకు కంప్యూటరు అమ్మిన బందరు భానుప్రకాష్ ఫోను చేసి, మరెక్కడి సర్వరు మీదుగానో చుట్టు తిరిగి వెళ్ళే దారి చెప్పేవాడు.

“ఒక తూము మూస్తే నీళ్ళు ఆగుతాయా అక్కా? పక్క బోదెలోంచి మళ్ళిద్దాం.”

ఆ మారుదారిని నమ్ముకున్నవారిలో నాగాయలంక పున్నమ్మ ఒకతె. ఆమె భర్త అప్పయ్య బహ్రెయిన్‌లో చేపల పడవ మీద పని చేస్తున్నాడు. అతనికి ఫోను లేదు, చదువు రాదు. శుక్రవారం సెలవునాడు రేవు పక్కనున్న నెట్ షాపులో అతడు కూర్చుంటే, ఇక్కడ పున్నమ్మ బస్సు దిగి వచ్చి హెడ్‌సెట్ తగిలించుకునేది. పడవ నుంచి పడవకు గాలికెదురుగా కేకవేసి మాట్లాడుకునే కుటుంబం ఆమెది. దూరం పెరిగినకొద్దీ గొంతు పెంచాలన్నది ఆమెకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

“మెల్లగా, పున్నమ్మా. మైకు నోటి దగ్గరే ఉందిగా.”

“మెల్లగా అంటే అంత దూరం ఎట్టా యినపడుద్దమ్మా? మా ఆయనకసలే చెవుడు.”

“ఇక మా బజారుకూ చెవుడు వచ్చేట్టుంది,” అనేది ఇందిర.

ఒకనాడు బస్సు కోసం నిలుచున్న పెద్దమనిషి ఒకరు ఆ కేకలు విని లోపలికి వచ్చారు. ఆయన టెలిఫోను శాఖ తనిఖీ అధికారి.

“మూసిన సైటును ఎలా తెరిచారో నేనడగనమ్మా. చెప్పినా నాకర్థం కాదు. మీ లైసెన్సు సంగతి మాత్రం నాకర్థమవుతుంది. ఇంకోసారి ఈ కేకలు వింటే అది ఉండదు.”

ఆయన వెళ్ళగానే ఇందిర హెడ్‌సెట్‌ను అట్టపెట్టెలో దాచేసింది. కొత్త దారి దొరికిందని భానుప్రకాష్ ఫోను చేస్తే, “దారులు నీకు బోలెడు దొరుకుతాయి తమ్ముడూ. నాకున్నది ఈ బూత్ ఒక్కటే,” అన్నది.

మరుసటి శుక్రవారం పున్నమ్మ వచ్చింది. అప్పయ్య పని ఒప్పందానికి రెండేళ్ళ గడువు తీరిపోతున్నది. మరో రెండేళ్ళకు కాగితం మీద వేలిముద్ర వేయమని యజమాని అడుగుతున్నాడు. ఇల్లు లేచేదాకా అక్కడే ఉండమని అంతకుముందు చెప్పింది పున్నమ్మే. కానీ కిందటివారం అతడు దగ్గు తెరలతో ఒక్క మాటా పూర్తి చేయలేకపోవడం ఆమె విన్నది. ఇప్పుడు వచ్చేయమని చెప్పాలి.

“మెయిలు రాస్తాను. అక్కడి షాపువాడూ తెలుగువాడే, చదివి చెబుతాడు.”

“ఉండమన్నది నేనేనమ్మా. ఇప్పుడు రమ్మన్నానని పరాయోడు చెబితే నమ్ముతాడా? ఒక్క మాట మాట్లాడనీండి. గొంతెత్తను, ఒట్టు.”

ఇందిర వీధివంక చూసింది. పెట్టె తెరవలేదు. మెయిలు మాత్రం పంపింది. అది విని అప్పయ్య నవ్వాడనీ, తన పెళ్ళాం అలా అనదన్నాడనీ, వేలిముద్ర వేసేశాడనీ షాపువాడు జవాబు రాశాడు.

మరుసటి ఏప్రిల్‌లో ప్రభుత్వమే ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. ఇందిర నెట్ షాపుకు మెయిలు పంపి, నాగాయలంక బస్సు కండక్టరుతో కబురంపితే శుక్రవారం పున్నమ్మ వచ్చింది.

“ఇప్పుడు ఎంత గట్టిగా మాట్లాడినా ఎవరూ ఏమీ అనరు, పున్నమ్మా.”

పున్నమ్మ గుమ్మంవైపు ఒకసారి చూసి, మైకు చుట్టూ అరచేయి అడ్డం పెట్టుకుని ఏదో అన్నది. పక్కనే ఉన్న ఇందిరకే అది వినపడలేదు. హెడ్‌సెట్‌లోంచి అప్పయ్య గొంతు, దగ్గుకూ దగ్గుకూ నడుమ, బయటికి వినవచ్చింది.

“ఏమే, యినపట్టంలా. కాస్త గట్టిగా అను.”

పున్నమ్మ మళ్ళీ గుమ్మంవైపు చూసి, అంతే మెల్లగా అన్నది.