కారం మిల్లులో దేశ రహస్యం

ఆ రోజుల్లో దేశ భద్రత మొత్తం నా నోటి మీదే ఆధారపడి ఉందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఇంజనీరింగ్ పూర్తి చేసి కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికి ఆ మాత్రం భ్రమ సహజమేనని ఇప్పుడు నన్ను నేను సముదాయించుకుంటాను గానీ, ఆ భ్రమ వల్ల పోగొట్టుకున్నది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. గుంటూరు శివార్లలో పత్తి గోడౌన్ల మధ్య ఒక అద్దె షెడ్డులో ఉండేది మా కంపెనీ. బయట బోర్డు కూడా ఉండేది కాదు. లోపల మేం తయారుచేసేది సరిహద్దు ఇసుకలో పాతిపెట్టే ఒక పెట్టె. ఎవరైనా దొంగచాటుగా అటు నడిచి వస్తే వాళ్ల అడుగుల అదురును పసిగట్టి, దూరాన ఉన్న జవాన్లకు కబురు పంపుతుంది. వినడానికి గొప్పగా ఉంది కదా! అందులో నా వంతు పని, ఆ పెట్టె మూత కింద ఉండే రబ్బరు రింగు. (అవును, మీ వంటింట్లో కుక్కర్ మూతకి ఉండేలాంటిదే. నవ్వుకోండి, ఫర్వాలేదు.) కానీ ఆ రింగు సరిగ్గా లేకపోతే ఎడారి దుమ్ము లోపలికి పోయి పెట్టెకి చెవుడొస్తుంది. పగటి ఎండకి సాగకూడదు, రాత్రి చలికి బిగుసుకుపోకూడదు, ఏళ్ల తరబడి ఇసుకలో పడి ఉన్నా పట్టు వదలకూడదు. ఆ రింగు గురించి నేను అన్నం తింటూ కూడా ఆలోచించేవాణ్ణి.

మా పెద్దసారు సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. చేరిన రోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక ఉపదేశం చేశారు. "బయట ఎవరడిగినా ఎలక్ట్రానిక్స్ అను. అంతకుమించి ఒక్క ముక్క వద్దు. కూపీ లాగేవాళ్లు తిన్నగా అడగరయ్యా. పని నచ్చిందా, ఇష్టమేనా అని తియ్యగా మొదలుపెడతారు. ఇష్టమే అంటావు. ఎందుకిష్టం అంటారు. ఇక అక్కడ దొరికిపోతావు." నేను నిటారుగా కూర్చుని తల ఊపాను. ఆ మాటలు విన్న వాళ్లలో నా అంత శ్రద్ధగా విన్నవాడు మరొకడు ఉండడని ఈనాటికీ చెప్పగలను. అదే నా కొంప ముంచింది.

రింగు తయారైంది. దానికి దుమ్ము పరీక్ష చెయ్యాలి. అలాంటి పరీక్ష చేసే గది ఎక్కడో పెద్ద నగరంలో ఉంది, అక్కడ మా వంతు రావాలంటే నెలలు పట్టేలా ఉంది. అప్పుడు మిరప నేలలో పుట్టిన నా బుర్రకి ఒక ఆలోచన తట్టింది. కారం కన్నా మొండిగా చొరబడే దుమ్ము ఈ లోకంలో ఏముంది? తలుపులు వేసినా కిటికీలు మూసినా కారం మిల్లు పక్క వీధిలో కాపురముండే వాళ్లు తుమ్ముతూనే ఉంటారు. పైగా లోపలికి చేరిందో లేదో చూడటానికి పరికరాలు అక్కర్లేదు, ముక్కు చాలు. పెద్దసారు కాసేపు నన్ను అనుమానంగా చూసి, "ఖాళీ పెట్టె తీసుకెళ్లు. లోపలి సామాను ఒక్కటి కూడా బయటికి పోకూడదు" అని ఒప్పుకున్నారు.

మా అమ్మ పుట్టిల్లు అద్దంకి పక్కన. ఆ దారిలోనే అమ్మకి తెలిసినాయన కారం మిల్లు ఒకటి ఉండేది. కారం ఆడించే గదిలో ఒక మూల నా పెట్టె పెట్టి, సాయంత్రం దాకా ఉంచి, బయటికి తెచ్చి తుడిచి, మూత తీసి, నేనే ముక్కు పెట్టి వాసన చూసేవాణ్ణి. మొదటి రింగుకి తుమ్ములు ఆగలేదు. రెండో రింగుకి కళ్లు తెరవలేకపోయాను. తప్పు ఎక్కడుందో చూస్తానని పెట్టెను షెడ్డుకి తెప్పించుకున్న పెద్దసారు రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, "ఏమయ్యా, శత్రువుని పట్టుకునే పెట్టె చేస్తున్నామా, తరిమికొట్టే పెట్టె చేస్తున్నామా?" అన్నారు.

మిల్లాయనకి నా పెట్టె మీద పిచ్చి కుతూహలం. "ఏం పెట్టె అబ్బాయ్ అది?" అనేవాడు. "చెప్పకూడదు బాబాయ్" అనేవాణ్ణి. "లోపలేముంది?" "ఏం లేదండీ, ఖాళీయే." "ఖాళీ పెట్టెకి ఇంత కాపలా ఏందయ్యా?" అని నవ్వేవాడు. వాకిట్లో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లు మాత్రం అది బాంబేనని తేల్చేశారు. ఒకావిడ ఒప్పుకోలేదు. "బాంబెందుకవుద్ది? అన్నం క్యారేజీ అయ్యుంటది. పాపం, కారం లేనిదే ముద్ద దిగదేమో" అంది. నేను గంభీరంగా మొహం పెట్టి, కళ్ల వెంట నీళ్లు కారుస్తూ, దేశ రహస్యాన్ని చంకలో పెట్టుకుని వాళ్ల ముందునుంచి నడిచి వెళ్లేవాణ్ణి.

ఆ కన్నీళ్ల మధ్యలోనే ఆ అమ్మాయిని మొదటిసారి సరిగ్గా చూశాను. (సరిగ్గా అంటే మసగ్గా.) మిల్లాయన కూతురు. ఎమ్మెస్సీ చదివి అద్దంకిలో కాలేజీ పిల్లలకి పాఠాలు చెప్పేది. ఒక రోజు నేను వాకిట్లో చతికిలబడి కళ్లు నులుముకుంటుంటే చల్లటి మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, "రుద్దకండి, ఇంకా మండుద్ది. ముందు ఇది తాగండి" అంది. తర్వాత పెట్టె మూత వైపు చూసి, "అంచు చుట్టూ సమానంగా నొక్కుకుంటుందా అది? ఒక పక్కనే ఎర్రగా ఉందేంటి?" అంది. నా పని వైపు అలా చూసి అడిగిన మొదటి మనిషి ఆమే. నాకు ఆమె ఎంతో నచ్చింది. ఆ తర్వాత పరీక్షలు అవసరానికి మించి జరిగాయని మాత్రం చెప్పగలను. రింగు నెగ్గి, మూత తీస్తే తుమ్ము రాకుండా పోయాక కూడా, మరోసారి చూస్తే మంచిదని పెద్దసారుతో అనేవాణ్ణి.

మా అమ్మ కనిపెట్టింది. అమ్మలకి ఏ పెట్టే పాతిపెట్టక్కర్లేదు కదా. "ఒరేయ్, ఆయన్ని ఇంకెప్పుడూ బాబాయ్ అనమాక. వరస చెడుద్ది. మావయ్యగారూ అను" అని హెచ్చరించి, పెద్దల చేత కబురు పంపింది. మిల్లాయన సంతోషంగా పెళ్లిచూపులకి రమ్మన్నాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, మొదటిసారి పెట్టె లేకుండా ఆ ఇంటికి వెళ్లాను.

మా వైపు సంబంధం కుదరాలంటే అబ్బాయి ఏం చేస్తాడో నలుగురికీ నాలుగు ముక్కల్లో చెప్పుకోవడానికి వీలుండాలి. పెళ్లివారికి అదో పెద్ద పట్టింపు. అమ్మాయి మేనమామ పొదిలి నుంచి వచ్చి కూర్చున్నాడు. "ఏం చేస్తుంటావ్ అబ్బాయ్?" అన్నాడు. "ఎలక్ట్రానిక్స్ అండీ." "అంటే టీవీలు బాగుచేస్తావా?" "కాదండీ." "సెల్‌ఫోన్లా?" "కాదండీ." "మరి?" "అంతవరకే చెప్పగలనండీ." మూల కూర్చున్న నాయనమ్మగారు కళ్లజోడు సవరించుకుని, "దొంగనోట్లు కాదు గదా నాయనా?" అని ఎంతో మర్యాదగా అడిగింది. మా అమ్మ నా కాలి మీద గట్టిగా తొక్కింది. నేను దేశం కోసం ఆ నొప్పి కూడా భరించాను.

తర్వాత అమ్మాయితో మాట్లాడుకోమని మా ఇద్దరినీ మేడ మీదికి పంపారు. అక్కడ పట్టాల మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అటు ఆమె, ఇటు నేను, మధ్యలో ఎర్రగా కాయలు. ఆమె నా జీతం అడగలేదు, ఊరు అడగలేదు. "ఏం చేస్తారో చెప్పొద్దులెండి, మీ రూల్స్ మీకుంటాయి. కానీ ఆ పని మీకు ఇష్టమేనా? అదొక్కటి చెప్పండి" అంది. నా చెవిలో పెద్దసారు గొంతు మోగింది. తియ్యగా మొదలుపెడతారు. ఇష్టమేనా అంటారు. ఆ అమ్మాయిని అనుమానించానని కాదు, ఆమెను చూస్తే ఎవరికీ అనుమానం రాదు. కానీ నేర్చుకున్న పాఠం నోట్లోంచి ముందు బయటికొచ్చేసింది. "ఆ విషయం కూడా చెప్పలేనండీ" అన్నాను. ఆమె నా ముఖంలోకి ఒక్కసారి చూసి, వంగి ఒక మిరపకాయను తిరగేసి పెట్టి, "సరేలెండి" అని మెట్లు దిగిపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. వాకబు చెయ్యడానికి పొదిలి మేనమామ మా షెడ్డుకి వచ్చాడు. మా గేటు కాపలాదారుకి పెద్దసారు నేర్పిన పాఠం నాకన్నా చిన్నది: ఎవరొచ్చినా, ఎవరి పేరు అడిగినా, లేరని చెప్పు. "ఆ పేరు గలాయన ఇక్కడెవరూ లేరండీ" అన్నాడతను. సరిగ్గా అప్పుడే నేను టీ తాగుదామని గేటు దాకా వచ్చాను. మేనమామ నా వైపు వేలు చూపించి, "అడుగో, ఆ అబ్బాయే!" అన్నాడు. కాపలాదారు వెనక్కి తిరిగి నన్ను చూసి, ఏమాత్రం తొణక్కుండా, "ఆయన కాదండీ" అన్నాడు. ఇప్పుడు నేను ఏం చెయ్యాలి? పలకరిస్తే తోటి ఉద్యోగిని అబద్ధాలకోరును చేసినట్టు, నియమం కూడా తప్పినట్టు. ఆ క్షణంలో నా మట్టిబుర్రకి తోచింది ఒక్కటే. ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు మేనమామను ఓసారి చూసి, వెనుదిరిగి లోపలికి వెళ్లిపోయాను. ఆయన చాలాసేపు గేటు దగ్గరే నిలబడ్డాడని కాపలాదారు తర్వాత గర్వంగా చెప్పాడు.

జాతకాలు కలవలేదని కబురొచ్చింది. మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు అన్నం సయించలేదు, రింగు ధ్యాస కూడా పోయింది. నా వాలకం చూసి పెద్దసారు పిలిచి అడిగితే ఉన్నదంతా చెప్పేశాను. ఆయన మొదట నవ్వారు. తర్వాత బల్ల మీద చరిచి, "రబ్బరు రింగయ్యా! దుమ్ము పోకుండా రబ్బరు రింగులు చేస్తానంటే దేశం మునిగిపోతుందా? నేను దాచమన్నది లోపలి సంగతి!" అని అరిచారు. "మరి ఇష్టమేనా అని అడిగితే..." అని నసిగాను. ఆయన అరుపు ఆగిపోయింది. "అది కూడా చెప్పలేదా?" అన్నారు మెల్లగా. "వెళ్లు. ఇప్పుడే వెళ్లి చెప్పిరా. నేను చెప్పమన్నానని చెప్పు."

జేబులో ఒక రింగు వేసుకుని అద్దంకి బస్సెక్కాను. దారి పొడవునా పత్తి తీతలు నడుస్తున్నాయి. కిటికీ పక్కన కూర్చుని, చెప్పాల్సిన మాటలన్నీ వల్లె వేసుకుంటూ వెళ్లాను. మిల్లాయన నన్ను చూసి కొంచెం కంగారుపడ్డా కుర్చీ వేయించాడు. రింగు ఆయన చేతిలో పెట్టి, దుమ్ము గురించి, ఎండ గురించి, చలి గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన దాన్ని సాగదీసి, నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఇంత మంచి పని చేస్తా, ఆ పూట నోరు మూసుకుని కూర్చున్నావేందయ్యా!" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. "మా మిషను మూతకి ఇట్టాంటిది చేసిపెట్టగలవా, వీధిలో వాళ్లు రోజూ పోట్లాటకొస్తన్నారు" అని కూడా అడిగాడు. తప్పకుండా అన్నాను. అప్పుడాయన రింగును నా చేతిలో తిరిగి పెట్టి, గొంతు తగ్గించాడు. "ఒక్క వారం ముందొస్తే ఎంత బాగుండేది అబ్బాయ్. మొన్ననే తాంబూలాలు పుచ్చుకున్నాం. సింగరాయకొండ సంబంధం. బ్యాంకులో చేస్తాడు."

బ్యాంకులో చేస్తాడు. మూడు మాటలు కూడా లేవు. ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది, ఎవరికైనా చెప్పుకోవచ్చు.

లేచి వస్తుంటే వాకిట్లో ఆ అమ్మాయి ఎదురైంది. మా మాటలన్నీ విన్నట్టుంది. చేతిలో మజ్జిగ గ్లాసు లేదు, ఆ రోజు నా కళ్లు కూడా బాగానే కనిపిస్తున్నాయి. "మా నాన్నకి అన్నీ చెప్పారు. నేనడిగిన దానికి మాత్రం జవాబు రాలేదండీ" అంది. కోపంగా కాదు, నవ్వుతూనే. బస్సులో వల్లె వేసుకున్న మాటల్లో అదొక్కటి లేదు. "చాలా ఇష్టమండీ" అన్నాను. ఆమె కళ్లు దించుకుని, "ఆ సంగతి మీరు కళ్ల నీళ్లు పెట్టుకుంటా ఆ మూత చూసుకుంటున్నప్పుడే తెలిసిందిలెండి. నాతో చెబుతారేమోనని అడిగాను" అంది. తొడిమలు తీసే ఆడవాళ్లు చేతులు ఆపి చూస్తున్నారు. నేను దండం పెట్టి వచ్చేశాను.

తర్వాత నాకూ పెళ్లయింది. ఆ పెళ్లిచూపుల్లో ఎవరూ అడక్కముందే రబ్బరు రింగుల మీద ఏకధాటిగా ఉపన్యాసం ఇచ్చాననీ, ఇక ఆపుతానేమోననే ఆశతోనే తాను ఒప్పుకున్నాననీ మా ఆవిడ ఇప్పటికీ బంధువులందరికీ చెబుతుంది. మంచి మనిషి. మా పిల్లలూ బాగానే చదువుకుంటున్నారు. ఆ పెట్టెలు ఏ ఇసుకలో ఉన్నాయో నాకు తెలియదు, తెలుసుకోకూడదు కూడా. ఇప్పుడు నేనే ఆ షెడ్డులో కొత్తగా చేరినవాళ్లకి పాఠం చెబుతాను. ఏమేం దాచాలో ఎంతసేపు చెబుతానో, ఏమేం దాచక్కర్లేదో కూడా అంతసేపూ చెబుతాను. వాళ్లు ముసలాడి చాదస్తం అనుకుని ముసిముసిగా నవ్వుకుంటారు. ఇన్నేళ్లలో జీతమెంతని అడిగినవాళ్లున్నారు, ప్రమోషన్ ఎప్పుడని అడిగినవాళ్లున్నారు. ఆ పని నాకు ఇష్టమేనా అని మాత్రం మళ్లీ ఎవరూ అడగలేదు.