జవియా కడుపు నిండిన రోజు

మలేషియాలోని కుచింగ్ ఊళ్లో ఒక పెద్ద ఆసుపత్రి వంటగదిలో ఇరవై ఆరేళ్లు ఉప్పూ కారం లేని గంజి కాచిన మనిషి జవియా. రిటైరయ్యాక ఆమెకూ, ఆమెతోపాటు అదే వంటగదిలో గరిటె తిప్పిన ఇద్దరు స్నేహితురాళ్లకూ ఒక్కటే సరదా మిగిలింది. నెలకో ఆదివారం కారెక్కి, హోటలు తర్వాత హోటలు తిరిగి, ఊరందరి వంటకూ వంకలు పెట్టడం. బతుకంతా చప్పిడి కూడు వండినవాళ్లకు నాలుక మీద ఎంత కసి ఉంటుందో ఆ ముగ్గురినీ చూసి తెలుసుకోవాల్సిందే. వడ్డించేవాళ్లు వాళ్లను చూడగానే లోపలికి తప్పుకునేవారు.

ఈ ఆదివారం మాత్రం జవియాకు వెళ్లాలని లేదు. ఆమె అక్క కిప్తియా ఈరోజే హజ్‌కి పోతోంది. మధ్యాహ్నం నమాజు కాగానే ఇంట్లోంచి బయల్దేరి, మూడింటికల్లా విమానాశ్రయంలో ఉండాలి. హజ్‌కి పోయేవాళ్లు అయినవాళ్లందరి చేతులూ పట్టుకుని, తెలిసీ తెలియక చేసినవన్నీ మన్నించమని అడిగి మరీ కదులుతారు. అక్కాచెల్లెళ్లకు పదకొండేళ్లుగా మాటల్లేవు. పోయేది ఆమె, రావాల్సిందీ ఆమే కదా అని జవియా నెలరోజులు గుమ్మం వైపు చూసింది. ఎవరూ రాలేదు. నిన్న సాయంత్రం చీకటి పడకముందే జవియా పంతం కాస్తా నీరుగారిపోయింది. సరే, చిన్నదాన్ని, నేనే పోతాను, పొద్దున్నే పోయి చేయి పట్టుకుంటాను అనుకుంది. మంచి బట్టలు తీసి కుర్చీ మీద పెట్టుకుంది కూడా.

ఆరున్నరకు వీధిలో హారన్ మోగింది. మోగింది అనడం తక్కువే, వాడకట్టంతా లేచింది.

"అక్కా! ఇంకా ముసుగు తన్ని పడుకున్నావా? దిగు, దిగు!" కారు నడిపే సియూలాన్ గొంతు అది. చైనా మనిషి, వంటగదిలో కూరలు తరిగే విభాగం అంతా ఆమె చేతి కింద ఉండేది.

జవియా కిటికీలోంచి తల బయట పెట్టింది. "ఈ వారం వద్దే. వచ్చే వారం పోదాం. ఒంట్లో బాగోలేదు."

"ఒంట్లో బాగోకపోతే లక్సా తాగు, బాగవుతుంది," అంది ముందు సీట్లోంచి సెండి. ఈమె అక్కడి ఇబాన్ తెగ మనిషి, నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. "అయినా నేను లక్సా పేరు ఎత్తేశాను కదక్కా. పేరెత్తి పిలిచిన తిండిని ముట్టకుండా ఉండిపోతే ఏమవుతుందో నీకు తెలీదా? మా మేనత్త కొడుకు అలాగే జావ వద్దని లేచి వెళ్లాడు. గుమ్మం దాటీ దాటకముందే ఇంటి నిచ్చెన మీదనుంచి పడ్డాడు. నీకేదైనా అయితే ఆ పాపం ఎవరికి? నాకే కదా!"

ఆ నమ్మకం మీద ఎవరు ఎన్ని జోకులు వేసినా, తోసిపుచ్చి ఇంట్లో కూర్చునే ధైర్యం ఆ ఊళ్లో ఎవరికీ లేదు. జవియాకు అసలే లేదు. ఒక్క గిన్నె లక్సా, ఎనిమిదింటికల్లా వచ్చేద్దాం అనుకుని చెప్పులేసుకుంది.

ఆ కారు వెనక తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. ఎన్నేళ్లనుంచో అంతే. ఎవరో ఒకరు దిగి బయటినుంచి తీయాలి. జవియా ఎక్కగానే సెండి దాన్ని ధడాల్న వేసింది.

లక్సా కొట్టు కిటకిటలాడుతోంది. ఎర్రటి కొబ్బరిపాల పులుసులో సేమ్యా, పైన రొయ్యలు, కొత్తిమీర, పక్కన నిమ్మబద్ద. సియూలాన్ ఒక చెంచా తాగి పెదవి విరిచింది. "కొబ్బరిపాలు పలచబడ్డాయి. పోయినసారి ఇలా లేదు."

"నీకు ఎప్పుడూ పోయినసారే బాగుంటుంది," అంది సెండి.

జవియా గడియారం చూసింది. ఎనిమిది కావస్తోంది. "నన్ను ఇంటి దగ్గర దింపెయ్యి సియూ. మీరు తిరగండి."

"దింపుతా, దింపుతా. తొందరేం పడుతున్నావు, ఇంట్లో చంటిపిల్లలున్నారా?" అంటూ సియూలాన్ ఇంటి వైపు కాకుండా మార్కెట్టు వైపు తిప్పింది.

నాలుగే నాలుగు మాటలు. మా అక్కను చూసి రావాలి. ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఆ నాలుగు మాటలే జవియా నోటికి రాలేదు. పదకొండేళ్లుగా ఈ ఇద్దరి ముందే కదా కిప్తియాను ఆడిపోసుకుంది! అమ్మకు బాగోలేదని కబురొచ్చిన రోజు జవియా వార్డులకు భోజనం బళ్లు సర్దుతోంది. గంటలో వస్తానంది. వెళ్లేసరికి అంతా అయిపోయింది. సమాధి దగ్గర, నలుగురిలో, కిప్తియా "రోగుల గంజి పొంగిపోతుందని ఆగిందిలే మహాతల్లి" అంది. ఆ మాట జవియా మరిచిపోలేదు. ఎవరినీ మరిచిపోనివ్వలేదు. మొన్నటికి మొన్న, ఇదే కారులో, "ఆవిడ మక్కాకు పోతే నాకేం, మార్కెట్టుకు పోతే నాకేం! నా గుమ్మం తొక్కిందా, మొహాన తలుపేస్తా" అంది. అలా అన్న నోటితోనే ఇప్పుడు ఎలా అడగడం? సిగ్గు కాదూ! ఎవరూ కట్టేయకుండానే మనిషి తన మాటలతో తానే కాళ్లూ చేతులూ కట్టేసుకుంటుంది, ఏం చెప్పమంటారు.

రెండో చోట నూడుల్స్. మూడో చోట చేత్తో విసిరి చేసే రొట్టె, చేపల పులుసు, మూడు పొరల టీ. టీలో పై పొర కలవకుండా తాగాలా, కలిపి తాగాలా అని వాళ్లిద్దరికీ అరగంట తగువు పడింది. జవియా నోట్లో రొట్టె ముక్క అటూ ఇటూ తిరుగుతోందే కానీ దిగడంలేదు. టాయిలెట్‌కు వెళ్తానని లేచింది, వెనక దారిన పోయి టాక్సీ పిలుద్దామని. "పద, నేనూ వస్తా" అని సెండి వెంటబడింది. చేతిసంచీ చూస్తే కారులో ఉండిపోయింది. కారు తాళం సియూలాన్ మెడలో ఉంది.

మసీదులోంచి మధ్యాహ్నం బాంగు వినబడింది. జవియా కుర్చీ అంచులు పట్టుకుంది. ఈపాటికి అక్క ఇంట్లో చుట్టాలంతా చేరి ఉంటారు. ప్రయాణం బాగా సాగాలని దువా చేసి ఉంటారు. అక్క ఒక్కొక్కరి చేయీ పట్టుకుని అడుగుతూ ఉంటుంది.

"ఇంటికి పోదాం," అంది మళ్లీ.

"ఏటి ఒడ్డు హోటల్లో చేపలు చేయమని ఫోన్లో చెప్పేశానక్కా," అంది సెండి. "మిదిన్ ఆకుకూర వేపుడు కూడా చెప్పా. పేరెత్తేశాక..."

ఇంకేముంది, మళ్లీ కారు, మళ్లీ ఆ తలుపు.

ఏటి ఒడ్డు హోటల్లో కూర్చునేసరికి రెండున్నర. చేప వచ్చింది, ఆకుకూర వచ్చింది, అన్నం వచ్చింది. సెండి చేప బుగ్గ దగ్గరి మెత్తటి ముక్క తీసి జవియా పళ్లెంలో వేసింది. "తినక్కా, ఇది నీకిష్టం."

జవియా ఆ ముక్క వైపు చూసి, భోరున ఏడ్చేసింది. పక్క బల్లలవాళ్లు తిరిగి చూశారు. చూడనీ!

"నేను మా అక్కను చూడాలే! పొద్దుట్నుంచి చెప్పలేక చస్తున్నాను. మూడింటికి వెళ్లిపోతుందే! మన్నించానని చెప్పాలి. నన్నూ మన్నించమని అడగాలి. ఈ మాయదారి తిండి నాకెందుకే!"

సెండి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. సియూలాన్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా," అంది సియూలాన్. "కిప్తియాక్క శుక్రవారం నాకు ఫోన్ చేసింది."

"నీకా? ఎందుకు?"

"ఆదివారం ఎనిమిదింటికి మీ ఇంటికి వస్తానంది. మీ చుట్టాలెవరినడిగినా నీ చెవిన పడుతుందని నన్నడిగింది, నువ్వు ఇంట్లో ఉంటావా అని. ఉంటుందక్కా అన్నాను." ఆమె కళ్లు తుడుచుకుంది. "తర్వాత భయమేసింది. తలుపేస్తానని నువ్వు వెయ్యిసార్లు అన్నావు. హజ్‌కి పోయే మనిషి మొహాన తలుపేస్తే రేపు నువ్వే కుళ్లికుళ్లి చస్తావు. అలా జరిగేకంటే నువ్వసలు ఇంట్లో లేకపోవడమే మంచిదనుకున్నాను. అందుకే ఉన్నవీ లేనివీ చెప్పి పొద్దుట్నుంచి తిప్పుతున్నాను. నీ మంచికేననుకున్నానక్కా! ఒట్టు!"

"నాకు ఇదేం తెలీదు," అంది సెండి చిన్నగా.

జవియా పళ్లెం పక్కకు నెట్టింది. అనడానికి సియూలాన్ తప్పు ఏముంది? ఆ పిల్ల తన మాటే నమ్మింది. ఇన్నాళ్లూ తన మాటను నమ్మిన మనిషి అదొక్కతే కాబోలు.

"లే," అంది. "కారు తియ్యి."

సియూలాన్ సగం పచ్చలైట్లూ సగం ఎర్రలైట్లూ దాటింది. దారి పొడుగునా సెండి సియూలాన్ ఫోను తీసుకుని కిప్తియా నంబరుకు చేస్తూనే ఉంది. మోగుతోంది, ఎవరూ తీయడంలేదు. విమానాశ్రయం ముందు కారు ఆగగానే జవియా వెనక తలుపును భుజంతో గుద్దింది, పిడికిలితో బాదింది. సెండి దిగి వచ్చి తీసేదాకా ఆగాల్సిందే కదా, ఆ పది క్షణాల్లోనే ఆమెకు చెమటలు పట్టాయి.

లోపల తెల్లబట్టల హజ్ యాత్రికుల గుంపు లేదు. మూడూ నలభై అయింది. సాగనంపడానికి వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకుంటూ వెనక్కి మళ్లుతున్నారు. వాళ్లలో కిప్తియా కూతురు సురయా పరుగున వచ్చి, జవియా చేయి అందుకుని నుదుటికి ఆనించుకుంది.

"పిన్నీ! ఇక్కడికి కూడా వచ్చారా! అమ్మ ఇప్పుడే లోపలికెళ్లింది, పావుగంట కూడా కాలేదు. ఫోను నా దగ్గరే వదిలేసింది, అక్కడ కొత్త నంబరు తీసుకుంటుందట. సంచీలో ఉండిపోయింది, మోగితే వినబడలేదు. ఇప్పుడే చూశా." ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. "పొద్దున్న జరిగిందంతా అమ్మ చెప్పింది పిన్నీ. చుట్టాలందరి ముందూ చెప్పింది."

"ఏం చెప్పింది?" అంది జవియా.

"మీరు ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్లారనీ, ఇద్దరూ చేతులు పట్టుకుని ఏడ్చారనీ. అన్నీ మన్నించేసింది నా చెల్లెలు, ఇకమీదట దాన్ని ఎవరైనా ఒక్క మాటన్నా నేనూరుకోను అంది. పెద్దమామ కూడా ఏడ్చాడు, తెలుసా?"

పక్కన సియూలాన్ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. తాళం వేసిన గుమ్మం ముందు ఎంతసేపు నిలబడిందో ఏమో కిప్తియా! ఇల్లు చేరి, చెల్లెలు కావాలనే తప్పించుకుపోయిందని నలుగురూ అనకుండా, బతుకులో ఒక్కసారి చేసే యాత్రకు బయల్దేరుతూ ఇంత అబద్ధం మూటగట్టుకుంది. ఆ తల్లికి తెలియదు, మన్నింపు దొరికిందో లేదో. తెలియకుండానే వెళ్లిపోయింది.

"పిన్నీ, అమ్మకు ఏం పెట్టారు?" అంది సురయా నవ్వుతూ. "ఇంట్లో అంతమందికి వండాం, ఒక్క మెతుకు ముట్టలేదు. జవియా ఇంట్లో కడుపు నిండా తిన్నాను, బలవంతం చేయకండి అంది. అలాగే వెళ్లింది."

పొద్దుట్నుంచి మూడు హోటళ్ల తిండి జవియా కడుపులో రాయిలా ఉంది. ఆమె అక్క కూతురి చేయి వదల్లేదు.

"లక్సా చేశానమ్మా," అంది. "రెండు గిన్నెలు తింది."