పంచె మీద లేచిన చెయ్యి

రెండువేల మూడో సంవత్సరం ఎండాకాలంలో నేను కడపలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బట్టలుతికే పనిలో ఉంటి. అది మా ఆయన పని. ఆయన పోయినాక నాకిచ్చిరి. నా పైన వార్డు సిస్టరమ్మ, ఆమె పైన డాక్టరు.

ఈ పనిలో మొదటి కట్టుబాటు ఒకటుండాది. నెత్తురు బట్టను ఉడుకునీళ్లలో ఎయ్యగూడదు. ఏస్తే నెత్తురు ఉడికి దారానికి పట్టుకుంటాది, ఇంక పోదు. అది సన్నీళ్ల తొట్టికే పోవల్ల. వక్కాకు మరకైతే ఉడుకు బానకు. ఎండినాక రెండూ ఒకే రంగు. అందుకని పుండ్లు కడిగే నురుగుమందు ఒక చుక్క ఏసి చూస్తాం. తెల్లగా బుసబుస పొంగితే నెత్తురు.

ఆ వారం బద్వేలు తట్టునుంచి తలకు దెబ్బ తగిలిన కోడలుపిల్ల చేరె. పేరు ఓబులమ్మ. బండ మీద జారి పడిందని అత్త చెప్పె. ఆ పొద్దు తన కొడుకు ఇంట్లోనే లేడు, తోటలో ఉన్నాడని ఎవరూ అడక్కపోయినా చెప్పుకుంటాండె. పిల్ల నోరు తెరవదు.

అత్త నాకాడికి ఒక పంచె తెచ్చె. "అక్కా, మావోడు వక్కాకు ఉమ్ముకున్నాడు, ఎదవ. బాగా ఉడకబెట్టు."

"ఇంటికాడ ఉతికితే పోలేదా?"

"పోతే నీకాడికెందుకు తెస్తా?"

అంచుకాడ గోధుమ చాయ మటుకు ఉండె. చుక్క ఏస్తి, పొంగె. పక్కన ఇంకో చుక్క, అదీ పొంగె. తేటగా కనపడాలని సీసా అంతా పోస్తి. నురుగులో నాలుగు వేళ్లు లేచె, కింద బొటనవేలు. చిన్న చెయ్యి. చిటికెనవేలు కొస వంకర తిరిగుండె. నురుగు కదులుతాంటే ఆ చెయ్యి గుడ్డను ఇంకా పట్టుకొని పెనుగులాడుతాన్నట్టే ఉండె.

మేడ మీది వార్డుకు పరిగెత్తితి. ఓబులమ్మ చెయ్యి దుప్పటి మీదుండె. చిటికెనవేలు అదే వంకర. నేను చూసేది చూసి, చెయ్యి లోపలికి లాక్కునె.

సిస్టరమ్మను పిలుచుకొని కిందికొచ్చేతలికి నురుగు అణిగిపోయుండె. మందు మరకను తినేసింది. పంచె మల్లెపువ్వు మాదిరి తెల్లగుండె. అయినా ఆమె డాక్టరుకు చెప్పె, డాక్టరు పోలీసులకు కాయితం రాసె. హెడ్డు కానిస్టేబులు వచ్చి పంచెను ఎండకు పట్టి చూసి, "యాడమ్మా చెయ్యి? ల్యాబుకు ఏం పంపల్ల, నీ మాటనా?" అనె.

"పిల్లనే అడగండి సార్" అని మేడ మీద అత్త పిల్ల మంచం పక్కనే నిలబడె.

"జారి పడినా సార్" అనె ఓబులమ్మ. నేను ఆ పిల్ల గొంతు విన్నది అదొక్కసారే. మూడో పొద్దు ఆటోలో మొగుని పక్కన కూర్చోబెట్టి తీసకపోయిరి. తర్వాత ఏమాయనో నాకు తెలీదు.

నురుగు నెత్తురని చెప్తాది. ఎవరిదో చెప్పదు. చెప్తానే మరకను తింటాంటాది. ఉతికేదానికి అది మంచిది, సాక్ష్యానికి కాదు. ఆ పైన నేను చేసినన్నేండ్లు, అనుమానమున్న బట్టొస్తే చుక్క కూడా ఎయ్యలేదు. తడి తగలనియ్యకుండా కాయితంలో చుట్టి సిస్టరమ్మకిచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకునేదాన్ని.