తలపాగా చుట్టరికం

బరంపురంలో ఎండుమిర్చి హోల్‌సేల్ కొట్టు నడిపే ఢిల్లీశ్వరరావు, ఇంటర్నెట్‌లో తలపాగా కనిపిస్తే చాలు, చుట్టరికం కలిపేస్తాడు. గల్లాపెట్టె ముందు కూర్చుని, కళ్ళజోడు నుదుటికెక్కించి, విదేశీ గ్రంథాలయాలు ఉచితంగా చూడమని పెట్టిన గంజాం జిల్లా పాత ఫొటోలను రెండు వేళ్ళతో సాగదీసి చూస్తాడు. నచ్చినదాని మీద తన పేరు ఎర్రటి అక్షరాలతో అడ్డంగా వేసి వాట్సాప్ గ్రూపులకు పంపుతాడు. ఎక్కడిదని ఎవరైనా అడిగితే, "మా అటక మీదిది" అంటాడు. ఆ అటక మీద మిరపకాయ బస్తాలు తప్ప మరేమీ లేవు.

మొన్న గోపాలపురం రేవు ఫొటో ఒకటి దొరికింది. అందులో జరీ తలపాగాతో ఒక జమీందారు, పక్కన ఆయనకు గొడుగు పట్టిన నౌకరు ఉన్నారు. ఆ జమీందారే తన తాత అని చాటి, సాక్ష్యం చెప్పించడానికి అంకులిలో ఉన్న మేనత్త చిట్టమ్మ ఇంటికి వెళ్ళి ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టాడు. ఆమె ఫొటోను చాలాసేపు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మా నాయనేరా! తెగిపోన సెవి సూడు."

"అందరికీ ఇనపడేలా సెప్పత్తా. ఆ తలపాగా..."

"తలపాగా ఆయనెవరో నాకేటి తెలుసురా? గొడుగట్టుకున్నోడు మీ తాత."

లైవ్ ఆగిపోయింది. "ఇంకోపాలి సూపించరా" అని చిట్టమ్మ బతిమాలుతున్నా వినకుండా బండెక్కాడు.

మర్నాడు అదే ఫొటో గ్రూపుల్లో మళ్ళీ వచ్చింది. జమీందారును కత్తిరించేయగా, గొడుగుతో తాత ఒక్కడే మిగిలాడు. "గొడుగు లేనిదే గడప దాటని మా తాతగారు" అని కింద రాసి ఉంది. ఫొటోలో గొడుగు పక్కకు వంగి ఉంది. ఎండంతా తాత నెత్తి మీదే పడుతోంది.